ఏరుమద్ది చిరునామా

ఇంకా ఆరు కాలేదు. మూసాపేట మెట్రో స్టేషన్‌లో తొలి రైలు చప్పుడు మొదలవకముందే కింద స్తంభాల నడుమ గోనెసంచులు పరుచుకున్నాయి. వినాయక చవితి ఎల్లుండి. రాత్రి వాన వెలిసింది గానీ పైన వంతెన అంచు నుంచి చుక్కలు ఇంకా రాలుతున్నాయి, ఒక్కొక్కటీ గురి చూసినట్టు మెడ మీదే. డీజిలు పొగ, తడిసిన గోనె, పక్క బండి మీద కాగుతున్న నూనె. వీటన్నిటినీ తోసుకుంటూ ఒక్కసారిగా మాచిపత్రి ఘాటు. ఆ వాసన వెంట పోతే ఒక అవ్వ ముందు తేలాం.

“కట్ట యాభై రూపాలు. ఇర్వై ఒక్కటి ఉన్నయ్.”

“విప్పి చూసుకోవచ్చా అవ్వా?”

“సూస్కో బిడ్డా. మళ్ల గట్టెటోనివి నువ్వే.”

గొంతుక్కూర్చుని కట్ట విప్పాం. గరిక, మారేడు, తులసి. ఉమ్మెత్త ఆకు వేలికి మెత్తగా తగిలింది. ఉత్తరేణి గింజలు అప్పుడే చొక్కా చేతికి అంటుకున్నాయి. జిల్లేడు తుంచినచోట పాలు ఇంకా ఆరలేదు. రేగు, మామిడి, వావిలి, గన్నేరు, జమ్మి, రావి, మాచిపత్రి. పదమూడు తేలాయి. ఆ తర్వాత మామిడే రెండోసారి వచ్చింది, వేరే పేరుతో కాబోలు. అడుగున ఒక పొడుగాటి ఆకు, నాలుగు వేళ్ళ పొడవు, కొస మొద్దుగా ఉంది. చెయ్యి అక్కడ ఆగింది.

ఏకవింశతి పత్రాల వరుసలో ఇరవయ్యో పేరు అర్జునపత్రం. అంటే మద్ది ఆకు. చవితి పొద్దున ఫోనులో పంతులుగారు ఆ పేరు చదవగానే మన చెయ్యి పళ్ళెంలోకి పోయి ఏది దొరికితే అది తీసి దేవుడి మీద వేస్తుంది. ఏళ్ళ తరబడి నేనూ అదే చేశాను. ఈసారి మాత్రం అసలుది ఎలా ఉంటుందో చూడాలని పంతం.

ఆకును బోర్లించి తొడిమ ఆకును కలిసేచోట బొటనవేలితో తడమండి. మద్ది ఆకు అయితే అక్కడ తొడిమకు అటొకటి ఇటొకటి రెండు చిన్న బుడిపెలు తగలాలి, ఆవగింజలు అతికించినట్టు. దీనికి లేవు. ఈనెలు మాత్రం కింద గట్టిగా పొడుచుకొచ్చాయి. నలిపి వాసన చూస్తే అనుమానం తీరిపోయింది. చిన్నప్పుడు గోడ దూకిన వాసన.

“గది జామాకు,” అంది అవ్వ, మనం అడగకముందే. మోసం చేసిన ముఖం కాదు ఆమెది, విసిగిన ముఖం. “మద్ది గావాల్నా? మద్ది గీడ యాడ దొరుకుతది బిడ్డా? ఎన్కట ఒర్రెల పొంటి ఉండేటివి. ఒర్రెలే లెవ్వు, ఇగ మద్దెక్కడిది.”

కట్ట మళ్ళీ కట్టేశాం. డబ్బులు ఇచ్చాం. ఒర్రె ఎక్కడుందో చూద్దామని నడక మొదలుపెట్టాం.

ఒర్రె లేకపోలేదు. భరత్‌నగర్ వైపు కాస్త నడిచి నాలా మీద వంతెన ఎక్కితే కింద కనబడుతుంది. ఇదే కూకట్‌పల్లి నాలా. రెండు వైపులా సిమెంటు గోడలు, నడుమ నల్లటి నీరు, గోడ మలుపులో తెల్లటి నురగ సబ్బు కలిపినట్టు. వాసన గురించి చెప్పను, మీకు అందుతూనే ఉంది. నాలా అన్న మాటకు ఉర్దూలో వాగు అనే అర్థం ఉంది. ఈ ఊళ్ళో ఆ మాట వినగానే జనం ముక్కు మూసుకుంటారు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1560ల్లో హుస్సేన్‌సాగర్ కట్టారు. ఇటువైపు చెరువుల నీళ్ళు అలుగులు దూకి, ఈ పల్లం పట్టుకుని, బేగంపేట మీదుగా ఆ సాగరంలో పడేవి. అక్కడి మిగులు నీరు మూసీకి, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణకు. కాగితం మీద ఆ దారి ఇప్పటికీ అదే. అంటే మనం నిలబడింది కృష్ణానది కొసవేలి మీద.

గోడ పగుళ్ళలో ఏముందో చూడండి. ఆముదం. సుబాబుల్. నీరు నిలిచినచోట గుర్రపుడెక్క, ఊదా పూలతో, అందంగానే. సుబాబుల్, గుర్రపుడెక్క అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. ఈ ఒడ్డున పుట్టాల్సిన కానుగ, నేరేడు, మేడి, మద్ది ఒక్కటీ కనబడదు. వాటికి ఒడ్డు కావాలి. వాన వస్తే మునిగి, వేసవిలో తేలి, మధ్యలో ఒండ్రు పట్టే మెత్తటి మట్టి ఒడ్డు. గోడకు ఒడ్డు ఉండదు. 2020 అక్టోబరు 13 రాత్రి నగరమంతా వాన పోటెత్తినప్పుడు నాలాల పక్క కాలనీలకు ఆ తేడా తెలిసొచ్చింది.

హైదరాబాదులో ఏటి పక్క చెట్టు అనగానే ఎవరైనా చెప్పేది ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు గురించి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో నూట యాభై మంది దాకా దాని కొమ్మల మీద బతికారు. గొప్ప చెట్టే. కానీ అది ఏటి చెట్టు కాదు. చింతకు ఆఫ్రికా పుట్టిల్లు, ఎండ నేలలో కూడా హాయిగా బతుకుతుంది. అది అక్కడ ఉండటం మనుషుల అదృష్టం. మద్ది కథ వేరు. ఏరు ఉన్నచోటే అది ఉంటుంది, తెలుగువాళ్ళు దాని చిరునామా పేరులోనే రాసి పెట్టారు: ఏరుమద్ది. సంస్కృతంలోనూ అంతే, అమరకోశంలో దాని పేర్లలో ఒకటి నదీసర్జ. అర్జున అన్న పేరు పాండవ మధ్యముడిది అనుకుంటాం. నిజానికి ఆ మాటకు తెలుపు అని అర్థం. పాలిపోయిన ఆ బెరడును చూసే తెల్లమద్ది అన్నారు. రోటికి కట్టేసిన చిన్ని కృష్ణుడు రెండు చెట్ల నడుమ దూరి కూల్చిన కథ తెలుసు కదా, ఆ జంట చెట్లు మద్దులే. రేపల్లె కూడా యమున పక్కదే.

ఎండ ఎక్కింది. కైతలాపూర్ దారి పట్టాం. 2022లో రైలు పట్టాల మీద వంతెన వేశాక కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి పోయే కార్లన్నీ ఇటే. తొమ్మిదయ్యేసరికి మెడలో గుర్తింపు కార్డులు వేలాడేసుకున్న పిల్లలు బైకుల మీద మనల్ని ఒరుసుకుంటూ పోతున్నారు. కాముని చెరువు, మైసమ్మ చెరువు ఉన్న దిక్కు ఇది. చెరువు దాకా పోనక్కర్లేకపోయింది. ఒక అపార్ట్‌మెంటు గేటు పక్కన, అడుగున్నర సిమెంటు గుంటలో, మూడంతస్తుల ఎత్తున ఒక చెట్టు.

ముందు దూరం నుంచే చూడండి. కాండం నిటారుగా లేచి, పైన కొమ్మలు విచ్చుకుని, వాటి కొసలు మాత్రం బరువుకు వంగినట్టు కిందికి వాలాయి. దగ్గరికొస్తే బెరడు. వేపలా గరుకు లేదు, తుమ్మలా పగుళ్ళు లేవు. నున్నగా బూడిద రంగు, దాని మీద పలుచటి రేకులు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయినచోట లేత గులాబీ. ఊడిన రేకు అంచు గోటితో పైకి లేపితే కాగితం చిరిగినట్టు వచ్చేస్తుంది. నల్లమద్ది అయితే ఇలా ఉండదు, దాని బెరడు మొసలి వీపులా గళ్ళు గళ్ళుగా పగులుతుంది, అది కొండ అడవుల చెట్టు.

నేల మీద, స్కూటర్ల నడుమ, నిరుటి కాయలు. ఒకటి తీసుకున్నాం. రెండు వేళ్ళ కణుపులంత పొడవు, చెక్కంత గట్టి, గోధుమ రంగు. పొడవునా ఐదు రెక్కలు. అడ్డంగా కోస్తే చుక్క గీసినట్టు ఉంటుంది. రెక్క మీద సన్నటి గీతలు వంపు తిరిగి అంచు దాకా పోయాయి. వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ ఈ చెట్టుకు పెట్టిన పేరులో మొదటి మాటకు ఐదు రెక్కలది అని అర్థం: పెంటాప్టెరా అర్జున. 1793లో కలకత్తా తోటకు పోయేదాకా ఆయన మన సామర్లకోటలోనే మొక్కలు ఏరుతూ, తెలుగు పేర్లు అడిగి రాసుకుంటూ గడిపాడు. తర్వాత 1834లో వైట్, ఆర్నాట్ దాన్ని టెర్మినేలియా ప్రజాతిలోకి మార్చారు. కరక, తాని, ఎదురు గేటు మీదికి వాలిన ఆ బాదం, అన్నీ ఆ ఇంటివే.

“ఏం సూస్తున్నరు సార్?”

కాపలాదారు. యాభై దాటి ఉంటాయి. మనం చెప్పేలోపే, “మద్ది సార్ ఇది. మాది చెన్నూరు దిక్కు. మా తాన దీని మీద పురుగులు పెంచుతరు,” అన్నాడు.

దసలి పురుగులు. గోదావరి పక్క చెన్నూరు, మహదేవపూర్ అడవుల్లో దసలి పట్టు పురుగుల్ని ఇంట్లో తట్టల్లో కాదు, ఆరుబయట చెట్టు మీదే వదులుతారు. అవి మద్ది ఆకు తిని కోడిగుడ్డంత పట్టుకాయ కడతాయి. పిట్టలు ఎత్తుకుపోకుండా ఎవరో ఒకరు పగలంతా కాపలా ఉండాలి.

“చిన్నగున్నప్పుడు ఒడిసెల పట్టుకొని చెట్టు కిందనే ఉండేటోన్ని సార్. ఇప్పుడు గూడ చెట్టు కిందనే ఉన్న.” అన్నాడు, నవ్వి. తర్వాత గొంతు తగ్గించి కాండం అటు పక్క చూపించాడు. ఛాతీ ఎత్తున జానెడు వెడల్పున బెరడు ఒలిచేసి ఉంది, లోపలి చెక్క దాకా. “మూడో ఫ్లోరు సారు. గుండెకు మంచిదంట. పొద్దుగాల వాకింగుకు వచ్చి గీకపోతడు.”

గుండె జబ్బుకు మద్ది బెరడు ఇవ్వడం వాగ్భటుడి నాటి నుంచీ ఉన్న వైద్యమే. వైద్యుణ్ణి అడగకుండా తాగితే ఆ మూడో ఫ్లోరు సారు పాట్లు ఆయన పడతాడు. చెట్టు చుట్టూ పట్టీలా ఒలిస్తే మాత్రం ఆకులు వండిన తిండి వేళ్ళకు దిగే దారి తెగుతుంది, చెట్టు నిలబడే చస్తుంది. ఆ పట్టీకి ఇంకా సగం చుట్టు మిగిలి ఉంది.

కింది కొమ్మ వంచి ఆకు పట్టుకున్నాం. బొటనవేలు తొడిమ మీదికి పోయింది. రెండు బుడిపెలు. ఉన్నాయి! ఆకు మీద అక్కడక్కడా ఇంకా బొబ్బలు కనిపిస్తే కంగారు పడకండి, అవి ఏదో పురుగు పెట్టిన కాపురాలు. చూడాల్సింది తొడిమ దగ్గరి జంట ఒక్కటే.

ఆకు దొరికింది కదా, కోసుకుపోదామంటారా? నా మనసు ఒప్పలేదు. ఇది నర్సరీ నుంచి లారీలో వచ్చి సిమెంటు గుంటలో దిగిన చెట్టు. నీళ్ళెక్కడివని అడిగితే కాపలాదారు గేటు కింద పోయే డ్రైనేజీ పైపు చూపించాడు. వేళ్ళు అటే పోయాయట, ఏడాదికోసారి పైపు పగలగొట్టి తీయిస్తారట. బోరు వెయ్యి అడుగులు దాటినా ఎండిపోయింది, ట్యాంకరు వస్తుంది. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక లెక్క చెప్పాడు: మద్దిచెట్టుకు ఉత్తరాన పుట్ట కనిపిస్తే, చెట్టుకు పడమర మూడు మూరల దూరంలో మూడున్నర నిలువుల లోతున నీళ్ళు. చేతులెత్తి నిలబడిన మనిషి నిలువు ఆయన కొలత, కాబట్టి మన లెక్కలో పాతిక అడుగుల పైచిలుకు. ఆ సూత్రం మూసాపేటలో పట్టుకుని తవ్వితే డ్రైనేజీ పైపే తగులుతుంది. తప్పు వరాహమిహిరుడిది కాదు. ఆయన చెప్పింది తనంతట తాను మొలిచిన చెట్టు గురించి.

కాబట్టి రాత్రి బస్సు.

మూసాపేటలో ఉండేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. తొమ్మిది దాటితే రోడ్డు పక్కన ట్రాలీ సూట్‌కేసులు, ఊరగాయ డబ్బాలు, నిద్రమొహం పిల్లలతో సగం కోస్తా జిల్లాలు ఇక్కడే నిలబడి ఉంటాయి. మన బస్సు జంగారెడ్డిగూడేనికి. కిటికీ పక్క సీటు. సత్తుపల్లి దగ్గర ఎక్కడో మెలకువ వచ్చింది, అశ్వారావుపేట దాటాక తెల్లారింది. రెండు వైపులా పామాయిలు తోటలు, వరసల మధ్య పొగమంచులా తేమ. జంగారెడ్డిగూడెంలో దిగి ఆటో ఎక్కితే కొద్ది దూరంలో గురవాయిగూడెం. నిన్నటి దాకా పశ్చిమ గోదావరి, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లా.

“మద్ది స్వామి గుడికేనాండి?” అన్నాడు ఆటో అబ్బాయి. ఇక్కడ దేవుడికి కూడా చెట్టే ఇంటిపేరు. మద్ది ఆంజనేయస్వామి.

గుడిలోకి వెళ్ళగానే కళ్ళు అలవాటు పడటానికి కాస్త సమయం పట్టింది. కర్పూరం, నూనె దీపాలు. మద్దిచెట్టు మొదట్లో ఆంజనేయుడు. గర్భగుడి మీద శిఖరం లేదు, చెట్టే శిఖరం. ఎర్రకాలువలో స్నానం చేసి తపస్సు చేసుకునే ఒక మహర్షి, స్వామిని విడిచి ఉండలేక మద్దిచెట్టుగా నిలిచాడని స్థలపురాణం. చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసేవాళ్ళు గవ్వలు లెక్కపెట్టినట్టు వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంటూ తిరుగుతున్నారు. వాళ్ళలో కలిసి మనమూ ఒక చుట్టు వేశాం. పూజారులను ఆకు అడగలేదు. దేవుడి ఇంటి కప్పు పీకి ఇమ్మని ఎలా అడుగుతాం?

బయటికొచ్చి ఎర్రకాలువ ఒడ్డుకు దిగండి. చెప్పులు విప్పేస్తే మంచిది, జారుతుంది.

కొండవాన పడిందేమో, నీరు పేరుకు తగ్గట్టే ఉంది, ఇటుక రంగులో. నిన్న నాలా ఒడ్డున చెవికి ఏమీ వినపడలేదని ఇప్పుడు గుర్తొస్తుంది, ఇక్కడ నీటికి చప్పుడుంది. గుడి నుంచి కాస్త దిగువకు నడిచాం. కానుగ ముందుగా పలకరించింది, నీటి మీదికి గొడుగు పట్టినట్టు. దాని వెనక నేరేడు. ఆపైన ఒక మలుపు, ఆ మలుపు బయటి అంచున మద్ది.

నిన్నటి చెట్టే. అదే బెరడు, అదే వాలు కొమ్మలు. కానీ నిన్న సగమే చూశాం. ఇక్కడ ఏరు మట్టిని కోసుకుపోవడంతో వేళ్ళు బయటపడ్డాయి. తొడంత లావు వేళ్ళు కిందికి దిగలేదు, ఒడ్డు వెంబడి పక్కకు పాకాయి, ఇరవై అడుగుల దాకా, బిడ్డ జారిపోకుండా తల్లి చెయ్యి చుట్టినట్టు. వాటి సందుల్లో మట్టి నిలిచింది. మద్దికి అటూ ఇటూ ఒడ్డు లోపలికి కొట్టుకుపోయింది, చెట్టున్నచోట మాత్రం ముక్కులా ముందుకొచ్చి ఉంది. కాండం మొదట్లో రెండు వైపులా చెక్క పలకల్లా చీలి నేలకు ఆనింది. సిమెంటు గుంటలో ఇవేవీ కనబడవు, కనబడ్డా పైపు పగలగొట్టే నేరమనుకుంటాం.

కిందికి, నీటి అంచుకు. నిన్న రాత్రి వచ్చిన నీరు ఎంతవరకు ఎక్కి దిగిందో అక్కడ చెత్త గీత గీసింది: పుల్లలు, వెదురాకులు, ఒక చెప్పు, వాటి మధ్య మద్దికాయలు. ఒకటి, మూడు, పది. జేబులోంచి నిన్నటి మూసాపేట కాయ తీసి పక్కన పెడితే తేడా తెలియదు. దాన్ని నీళ్ళలో వేశాం. మునగలేదు. ఐదు రెక్కలు దాన్ని పట్టి తేల్చాయి, ఒకసారి తిరిగి, సుడి దాటి, పోయింది. అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఆ రెక్కల పని ఏమిటో తోచదు, స్కూటరు చక్రం కింద నలగడం తప్ప. ఇక్కడ అవి ఓడ చెక్కలు. ఎక్కడో ఒండ్రులో ఆగి, బాగా నానితే, చివరికి రెండు నెలలకైనా మొలక వస్తుంది. తొందరేమీ లేని విత్తనం.

ఆ ఒండ్రులోనే మోకాలెత్తు పిల్లమద్ది ఒకటి. ఎవరూ నాటింది కాదు. దాని నుంచి ఒక్క ఆకు తుంచాం. తొడిమ దగ్గర ఆవగింజల జంట, లేతగా, పచ్చగా.

మర్నాడు, చవితి తెల్లవారుజామున, బస్సు మూసాపేటలో దించేసరికి ఐదు. స్తంభాల కింద ఇసకేస్తే రాలనంత జనం. అవ్వ ముందు మట్టి వినాయకుల్ని ఒళ్ళో పెట్టుకున్న పిల్లలు. ఆమె గొంతు బొంగురుపోయింది.

నోటు పుస్తకంలో పెట్టిన ఆకు తీసి చేతికిచ్చాం. చూడలేదు. ఎవరికో చిల్లర లెక్కపెడుతూనే బొటనవేలు తొడిమ మీదికి పోనిచ్చింది. లెక్క ఆగింది.

“గిదే. మద్దే గిది. యాడ దొరికింది బిడ్డా?”

“ఆంధ్రాలో అవ్వా. ఒర్రె ఒడ్డున.”

ఆకును స్తంభం దీపం వెలుగుకు ఎత్తి అటూ ఇటూ తిప్పింది. తర్వాత సంచుల్లో మిగిలిన కట్టల వైపు చూసింది, మన చేతి సంచి వైపు చూసింది.

“ఒక్కటే తెచ్చినవా?”